మోవానా: సముద్రం లేని ఊళ్లో సముద్రం కథ
సినిమా ఏమిటి, దాని వెనక ఉన్న జనం ఎవరు, ముస్లిం కుటుంబాలు ఏం గమనించాలి

కొత్తగూడెం పిల్లలు సముద్రం చూడాలంటే ఆంధ్ర తీరం దాకా పోవాలి. దగ్గర్లో పెద్ద నది అంటే నలభై కిలోమీటర్ల అవతల, భద్రాచలం దగ్గర గోదావరే. ఊళ్లో కనిపించేది బొగ్గు లారీలు, ఓబీ మట్టి గుట్టలు, షిఫ్టుకు పోయే బస్సులు. అయినా ఇక్కడి పిల్లలు టీవీ ముందు కూర్చుంటే మళ్లీ మళ్లీ పెట్టమని అడిగే సినిమాల్లో ఒకటి పూర్తిగా సముద్రం మీద నడుస్తుంది. దాని పేరు ‘మోవానా’.

పిల్లలు చూస్తారు, పాటలు పాడతారు, ఆ తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. ఆ దీవి నిజంగా ఉందా? దిక్సూచి లేకుండా పడవ ఎలా పోతుంది? మావీ దేవుడా? ఇంట్లో పెద్దవాళ్లకు జవాబు తెలియకపోతే ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. ఆ జవాబులన్నీ ఒకచోట చేర్చిన వివరం ఇది.

సినిమా ఒక్క చూపులో

‘మోవానా’ వాల్ట్ డిస్నీ వాళ్ల యానిమేషన్ సినిమా. 2016 నవంబర్ 23న అమెరికాలో విడుదలైంది. ఇక్కడ భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడి నెలన్నర కూడా కాలేదు. బ్యాంకుల ముందు నోట్ల రద్దు క్యూలు నడుస్తున్న రోజులవి.

దర్శకులు జాన్ మస్కర్, రాన్ క్లెమెంట్స్. నిడివి 107 నిమిషాలు. మోవానాకు గొంతు ఇచ్చిన ఔలీ క్రవాల్యో హవాయి మూలవాసి అమ్మాయి, విడుదల నాటికి ఆమెకు 16 ఏళ్లు. మావీకి గొంతు ఇచ్చిన డ్వేన్ జాన్సన్ తల్లి వైపు సమోవా వాళ్లు. పాటలు రాసింది లిన్ మాన్యుయెల్ మిరాండా, ఒపెటాయా ఫోవాయి, మార్క్ మాన్సీనా. వీళ్లలో ఒపెటాయా సమోవాలో పుట్టి న్యూజిలాండ్‌లో స్థిరపడిన సంగీతకారుడు. సినిమాలో అర్థం కాని భాషలో వినిపించే పాటల మాటలు సమోవా, టోకెలావు దీవుల భాషలవి.

మొదటి విడుదలలో ఈ సినిమా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 64 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఆస్కార్‌కు రెండు విభాగాల్లో నామినేట్ అయింది, అవార్డు మాత్రం రాలేదు. అసలు విజయం తర్వాత ఇళ్లలో వచ్చింది. 2023లో అమెరికాలో స్ట్రీమింగ్‌లో ఎక్కువసేపు చూసిన సినిమా ఇదే. అంటే ఏడేళ్ల పాత సినిమా కొత్తవాటన్నిటినీ దాటేసింది. ఈ లెక్క కంపెనీకి కూడా అర్థమైంది. మొదట సిరీస్‌గా తీద్దామనుకున్న రెండో కథను సినిమాగా మార్చి, 2024 నవంబర్‌లో ‘మోవానా 2’ పేరుతో థియేటర్లకు తెచ్చింది. అది వంద కోట్ల డాలర్ల వసూళ్లు దాటింది.

కథ

మోటునుయి అనే దీవిలో ఊరి పెద్ద టూయి కూతురు మోవానా. చిన్నప్పటి నుంచీ ఆమె కాళ్లు సముద్రం వైపే పోతాయి. తండ్రి మాత్రం ఒకటే మాట చెబుతాడు: పగడపు గట్టు దాటి ఎవరూ పోకూడదు. చేపలు గట్టు లోపలే ఉన్నాయి, కొబ్బరి ఊళ్లోనే ఉంది, ఇంకెక్కడికి పోవాలి?

కొన్నాళ్లకు కొబ్బరికాయలు లోపల నల్లబడతాయి. వలల్లో చేపలు పడవు. నాన్నమ్మ టాలా మనవరాలిని ఒక గుహలోకి తీసుకెళ్తుంది. లోపల వరుసగా పెద్ద పెద్ద తెరచాప పడవలు. గట్టు దాటొద్దని చెప్పే ఆ ఊరివాళ్ల పూర్వీకులు సముద్రాలు దాటి వచ్చినవాళ్లని మోవానాకు అప్పుడు తెలుస్తుంది. వెయ్యేళ్ల కింద మావీ అనే వీరుడు టె ఫిటి గుండెను దొంగిలించాడని, అప్పటి నుంచీ చీకటి ఒక్కో దీవినీ తినేస్తోందని, ఆ గుండెను తిరిగి పెట్టాలని నాన్నమ్మ చెబుతుంది.

మోవానా బయల్దేరుతుంది. ఆమెకు పడవ నడపడం రాదు. మావీని వెతికి పట్టుకుని, అతని దగ్గర ఆ విద్య నేర్చుకుంటుంది. చివర్లో మంటల రాక్షసిలా కనిపించే టె కా ఎవరో తెలిసినప్పుడు, కత్తి ఎత్తకుండానే గొడవ తీరిపోతుంది. ప్రేమకథ లేదు, పెళ్లి లేదు, రాకుమారుడు లేడు. కుటుంబంతో కూర్చుని చూసేటప్పుడు రిమోట్ వెతుక్కునే అవసరం దాదాపు రాదు.

ఆ జనం నిజంగా ఉన్నారు

మోటునుయి కల్పిత దీవి. పాలినేషియా మాత్రం నిజం. పటంలో పసిఫిక్ మహాసముద్రం మీద మూడు చుక్కలు పెట్టండి: ఉత్తరాన హవాయి, నైరుతిలో న్యూజిలాండ్, ఆగ్నేయంలో రాపానుయి అనే ఈస్టర్ దీవి. ఈ మూడింటినీ కలిపితే వచ్చే త్రికోణమే పాలినేషియా. సమోవా, టోంగా, తాహితి అన్నీ దీని లోపలివే. ‘మోవానా’ అంటే వాళ్ల భాషల్లో సముద్రం. ‘మోటు’ అంటే దీవి, ‘నుయి’ అంటే పెద్ద.

వీళ్ల పూర్వీకులు తైవాన్ వైపు నుంచి తరతరాలుగా దీవి తర్వాత దీవికి కదులుతూ వచ్చారు. దాదాపు మూడు వేల ఏళ్ల కింద టోంగా, సమోవా చేరారు. అక్కడ వెయ్యేళ్లకు పైగా ఆగిపోయారు. తర్వాత మళ్లీ కదిలి తాహితి, హవాయి, రాపానుయి, చివరికి న్యూజిలాండ్ దాకా వెళ్లారు. ఎందుకు ఆగారు, మళ్లీ ఎందుకు కదిలారు అన్నదానిపై పరిశోధకుల్లో రకరకాల వాదనలున్నాయి. గాలుల దిశ మారిందని కొందరు, పడవలు మెరుగయ్యాయని కొందరు అంటారు. సినిమా కథ పుట్టిందే ఆ విరామంలోంచి. దానికి మావీ దొంగతనం కారణమని చెప్పింది కల్పన, ప్రయాణాలు ఆగి మళ్లీ మొదలయ్యాయన్నది చరిత్ర.

మావీ కూడా డిస్నీ పుట్టించిన పాత్ర కాదు. సూర్యుడి వేగం తగ్గించాడని, గాలంతో దీవులను సముద్రం లోంచి పైకి లాగాడని చెప్పే కథలు పాలినేషియా అంతటా ఉన్నాయి. పడవలో వచ్చే కోడిపుంజు హేహే నవ్వు కోసం పెట్టినదే అయినా, ఆ జనం నిజంగానే కోళ్లు, పందులు, కుక్కలు, దుంప మొక్కలు పడవల్లో వేసుకుని కొత్త దీవులకు పోయేవాళ్లు.

దిక్సూచి లేకుండా దారి

సినిమాలో మోవానా చెయ్యి చాచి, వేళ్ల మధ్య నక్షత్రాన్ని పెట్టి కొలుస్తుంది. అది ఊహ కాదు, వాళ్ల విద్యే. ఒక్కో నక్షత్రం ఏడాది పొడవునా క్షితిజం మీద ఒకే చోట ఉదయిస్తుంది, ఒకే చోట అస్తమిస్తుంది. ఏ చుక్క ఎక్కడ లేస్తుందో బట్టీ పడితే క్షితిజమే దిక్సూచి అవుతుంది. ఒక చుక్క బాగా పైకి వచ్చేస్తే, అదే చోట లేచే ఇంకో చుక్కను పట్టుకుంటారు.

మబ్బు పట్టిన రాత్రి అలలే ఆధారం. దూరం నుంచి ఒకే దిక్కుగా వచ్చే పెద్ద అలల ఊపును నావికుడు పడవ అడుగున పడుకుని ఒంటితో పసిగడతాడు. పొద్దున చేపల వేటకు పోయి సాయంత్రం నేలకు తిరిగే పక్షులు ఎటు పోతే అటు దీవి ఉందన్నమాట. నిస్సారమైన పచ్చని నీటి మీది మబ్బుల అడుగున లేత ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది, అదీ ఒక గుర్తే.

ఈ విద్య ఒక దశలో దాదాపు పోయింది. 1769లో కెప్టెన్ కుక్ ఓడ ఎక్కిన తుపాయా అనే దీవివాసికి చుట్టూ వందల మైళ్ల మేర దీవులన్నీ తెలుసు. అయినా తర్వాతి కాలంలో వీళ్లు దారి తప్పి కొట్టుకొచ్చినవాళ్లే తప్ప నావికులు కారని రాసిన పండితులున్నారు. దానికి జవాబుగా హవాయి వాళ్లు 1975లో పాత పద్ధతిలో ‘హోకులేయా’ అనే జంట పడవ కట్టారు. అప్పటికి హవాయిలో ఆ విద్య తెలిసినవాళ్లు మిగల్లేదు. మైక్రోనేషియాలోని సతావల్ అనే చిన్న దీవి నుంచి మావు పియాయ్‌లుగ్ అనే పెద్దాయన వచ్చాడు. 1976 మే 1న బయల్దేరి, ఒక్క పరికరం లేకుండా, సుమారు నాలుగు వేల కిలోమీటర్లు దాటి జూన్ 4న పడవను తాహితి చేర్చాడు. తమ దీవి మనిషి కాదని చూడకుండా హవాయి కుర్రాళ్లకు విద్య నేర్పాడు. ఆయన శిష్యుడు నైనోవా థాంప్సన్ 1980లో అదే దారిలో పడవ నడిపాడు. 2014 నుంచి 2017 దాకా హోకులేయా ప్రపంచం చుట్టి వచ్చింది. గుహలో దాగిన పడవలు మళ్లీ నీళ్లలోకి దిగే సన్నివేశం చూస్తుంటే ఈ సంగతి గుర్తు చేసుకోవచ్చు.

కొత్తగూడెం డాబా మీద అదే ఆకాశం

హవాయి పటంలో ఎక్కడో ఉన్నా ఆకాశం లెక్కలో మనకు పొరుగే. కొత్తగూడెం సుమారు 17 డిగ్రీల 30 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉంది. హవాయి రాజధాని హొనలులు 21 డిగ్రీల పైచిలుకు. ఇంకో సంగతి, మక్కా నగరం కూడా 21 డిగ్రీల పైచిలుకే. అంటే హొనలులు నడినెత్తిన తిరిగే చుక్కలే మక్కా మీదుగానూ తిరుగుతాయి.

హోకులేయా అంటే మన స్వాతి నక్షత్రం. అరబ్బులు దీన్ని సిమాక్ అన్నారు. మే నెలాఖరున రాత్రి పది ప్రాంతంలో డాబా ఎక్కి తల పైకెత్తితే, ఇంచుమించు నడినెత్తిన నారింజ రంగులో మెరిసేది అదే. అదే సమయంలో ఆగ్నేయం వైపు చూస్తే కొక్కెంలా వంగిన చుక్కల వరుస ఉంటుంది. మనకది వృశ్చికం, హవాయి వాళ్లకు మావీ గాలం. నాన్నమ్మ టాలా మోవానాకు చూపించే గుర్తు అదే.

చలికాలం సాయంత్రాల్లో తూర్పున గుంపుగా కనిపించే చిన్న చుక్కలు కృత్తికలు. హవాయి వాళ్లకు అవి మకాలీ, న్యూజిలాండ్ మావోరీలకు మటారికి. 2022 నుంచి న్యూజిలాండ్‌లో మటారికి పేరుతో జాతీయ సెలవు కూడా ఇస్తున్నారు. అరబ్బీలో వాటి పేరు సురయ్యా. మన ఇళ్లలో ఎంతమంది సురయ్యా ఆపాలు, సురయ్యా ఖాలాలు ఉన్నారో చెప్పనక్కర్లేదు. ఆ పేరున్న పాపకు ఆకాశంలో తన చుక్కలు చూపిస్తే ఇక మర్చిపోదు.

ఉత్తరాన ధ్రువ నక్షత్రం ఎత్తు, మనం నిలబడ్డ చోటి అక్షాంశంతో దాదాపు సమానం. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి పడితే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. కొత్తగూడెంలో ధ్రువ నక్షత్రం క్షితిజానికి రెండు పిడికిళ్ల లోపే ఉంటుంది. మోవానా చేసిన కొలత పిల్లలు ఇంటి మీద చేయగలిగినదే.

అరబ్బు నావికులూ ఇలాగే వేళ్లతో కొలిచేవాళ్లు. తర్వాత ‘కమాల్’ అనే చిన్న చెక్కబిళ్లకు ముడులు వేసిన తాడు కట్టి వాడారు. 15వ శతాబ్దపు నావికుడు ఇబ్న్ మాజిద్, ఇప్పటి రస్ అల్ ఖైమా ప్రాంతం వాడు, 1490 ప్రాంతంలో నౌకాయాన విద్య మీద పెద్ద గ్రంథమే రాశాడు. గల్ఫ్‌కు పోయిన మనవాళ్లకు ఆ ఊరి పేరు కొత్త కాదు. తెలుగు నేలకూ ఈ దారి తెలుసు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఎర్ర సముద్రం వైపు ఓడలు పోయేవి, హజ్ యాత్రికులు వాటిలో వెళ్లేవాళ్లు.

నెలను చంద్రుడితో లెక్కపెట్టడం కూడా పాలినేషియా అలవాటే. హవాయి వాళ్లు నెలలో ఒక్కో రాత్రికి ఒక్కో పేరు పెట్టారు. నెలవంక కనిపించే తొలి రాత్రి పేరు ‘హిలో’. మన ‘హిలాల్’తో పోలిక కాకతాళీయమే. కానీ మగ్రిబ్ తర్వాత పడమర వైపు నెలవంక కోసం వెతికే పిల్లలకు చెబితే సరదాపడతారు.

దేవతల సంగతి పిల్లలకు ఎలా చెప్పాలి

ముస్లిం తల్లిదండ్రులకు ఈ సినిమాలో ఇబ్బందిగా అనిపించేవి కొన్ని ఉన్నాయి. వాటిని దాచి లాభం లేదు. మావీని సగం దేవుడిగా చూపిస్తారు. టె ఫిటి ప్రాణం పోసే దేవతలా కనిపిస్తుంది. చనిపోయిన నాన్నమ్మ ఆత్మ తిరండి చేప రూపంలో వస్తుంది. సముద్రం మనిషిలా ఆలోచిస్తుంది. మావీ ఒంటి నిండా పచ్చబొట్లు. రెండో సినిమాలో ఈ పాలు ఇంకాస్త ఎక్కువ. తుఫాను దేవుడు నాలో ఉంటాడు, చివర్లో పూర్వీకుల ఆత్మలు మోవానాను బతికిస్తాయి.

పాటలు, బొమ్మల సినిమాలు అసలే వద్దనుకునే ఇళ్లున్నాయి, అది వాళ్ల నిర్ణయం. చూడనిచ్చే ఇళ్లలో మాత్రం పక్కన కూర్చుని చూడటం మేలు. తౌహీద్ గురించి ఏడెనిమిదేళ్ల పిల్లలకు చెబితే అర్థమవుతుంది. ఇది ఒక జాతి జనం తమ పుట్టుక గురించి చెప్పుకున్న కథ, మన విశ్వాసం వేరు, సృష్టించేది అల్లాహ్ ఒక్కడే అని సూటిగా చెబితే చాలు. నాలుగేళ్లలోపు పిల్లలకు కథకీ నిజానికీ తేడా తెలియదు. పైగా టె కా మంటలు, పీత టమటోవా సన్నివేశం భయపెడతాయి. వాళ్లకు ఇంకొన్నాళ్లు ఆగొచ్చు.

ఆ మాట చెప్పాక ఇంకోటి కూడా చెప్పాలి. నేల మీదా సముద్రంలోనూ చీకట్లో దారి తెలుసుకోవడానికి నక్షత్రాలు అల్లాహ్ ఏర్పాటు అన్న భావం ఖుర్‌ఆన్‌లో సూరా అన్‌ఆమ్ 97వ ఆయత్‌లో ఉంది. సూరా నహ్ల్ 16వ ఆయత్‌లోనూ ఈ ప్రస్తావన వస్తుంది. సినిమా అయ్యాక పిల్లాడిని డాబా మీదికి తీసుకెళ్లి ఈ ఆయతులు చదివి వినిపిస్తే, చుక్కలు ఎవరివో వాడికి వేరే చెప్పనక్కర్లేదు.

పసిఫిక్ వాళ్లు ఏమన్నారు

ఈ సినిమా కోసం డిస్నీ పసిఫిక్ దీవుల చరిత్రకారులు, భాషావేత్తలు, నావికులతో ఒక సలహా బృందం పెట్టుకుంది. తర్వాత తాహితి, మావోరీ, హవాయి భాషల్లోకి డబ్ చేసింది. తమ భాషలో డిస్నీ సినిమా చూసి అక్కడి పిల్లలు సంబరపడ్డారు.

అభ్యంతరాలూ వచ్చాయి. మావీని అంత లావుగా చూపడం పాలినేషియా వాళ్లను వెక్కిరించినట్టుందని న్యూజిలాండ్ ఎంపీ జెన్నీ సలేసా విమర్శించారు. గోధుమరంగు చర్మం, పచ్చబొట్లు ముద్రించిన మావీ వేషం దుస్తులను డిస్నీ అమ్మకానికి పెట్టింది. మా ఒంటి రంగు మీకు వేషమా అని జనం అడిగేసరికి 2016 సెప్టెంబర్‌లో వెనక్కి తీసుకుంది. వేర్వేరు దీవుల సంస్కృతులను కలిపి ఒకే ముద్ద చేశారన్నది ఇంకో విమర్శ.

మన పాఠకులకు ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఇదే దర్శకుల జంట 1992లో ‘అలాద్దీన్’ తీసింది. అరబ్బులను అనాగరికులుగా చూపే మాట ఒకటి అందులోని పాటలో ఉందని అమెరికాలోని అరబ్బులు నిరసన తెలిపారు. 1993లో వీడియో విడుదలప్పుడు ఆ చరణాన్ని మార్చారు. అప్పుడు అడిగారు కాబట్టే, పాతికేళ్ల తర్వాత ఇంకో జాతి కథ తీసేటప్పుడు ముందే వెళ్లి సంప్రదించే జాగ్రత్త కొంతైనా వచ్చిందని అనుకోవచ్చు.

నల్లబడిన కొబ్బరి, తగ్గుతున్న ఉద్యోగాలు

కొత్తగూడెం నుంచి గోదావరిఖని దాకా సింగరేణి ఊళ్లకు మోటునుయి కథ అంత దూరమైనదేం కాదు. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. కేంద్ర కార్యాలయం కొత్తగూడెంలోనే ఉంది. క్వార్టరు, ఆస్పత్రి, బడి, జీతం అన్నీ కంపెనీ ఇచ్చేది. తండ్రి తర్వాత కొడుకు అదే గనిలోకి దిగేవాడు. ‘అన్నీ ఇక్కడే ఉన్నాయి, ఎక్కడికి పోతావు?’ అన్న మాట ఇక్కడ చాలా ఏళ్లు నిజమే.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా మంది పనిచేసేవారు. ఇప్పుడు ఆ సంఖ్య నలభై వేల ప్రాంతంలో ఉంది. భూగర్భ గనులు తగ్గాయి, యంత్రాలతో నడిచే ఓపెన్‌కాస్టులు పెరిగాయి. బొగ్గు ఉత్పత్తి ఆగలేదు, దాని వెంట వచ్చే ఉద్యోగాలు తగ్గాయి. గట్టు లోపల చేపలు తగ్గినట్టే.

ఇలాంటప్పుడు ఇంట్లో గొడవ టూయికీ మోవానాకీ మధ్య జరిగే గొడవే. అమ్మాయి ఇంటర్ అయ్యాక హైదరాబాద్‌లో చదువుతానంటుంది. తండ్రి వద్దంటాడు. సినిమా ఆ తండ్రిని దుర్మార్గుడిగా చూపదు. వయసులో ఉన్నప్పుడు అతనూ గట్టు దాటాడు, తుఫానులో తోటి స్నేహితుణ్ని పోగొట్టుకున్నాడు. అతని ‘వద్దు’ వెనక ఉన్నది ఆ భయం. గనిలో ప్రమాదాలు చూసిన తండ్రులకు, గల్ఫ్‌లో దగాపడిన బంధువులున్న ఇళ్లకు ఆ భయం ఎలా ఉంటుందో తెలుసు.

కానీ గుహలోని పడవలు చెప్పే సంగతి ఒకటుంది. సింగరేణి ఊళ్లలో చాలా కుటుంబాల తాతలు ఎక్కడి నుంచో పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లే. ఊరు దాటడం కొత్తగా నేర్చుకోవాల్సిన పని కాదు, మధ్యలో మర్చిపోయిన పని. గడపలు కూడా మారుతున్నాయి. 1952 గనుల చట్టం ప్రకారం ఆడవాళ్లు భూగర్భ గనుల్లో పనిచేయడానికి వీలుండేది కాదు. 2019లో కేంద్రం షరతులతో ఆ నిషేధాన్ని సడలించింది. సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో ఉన్న మహిళలు రాతపూర్వక అంగీకారంతో పగటి వేళల్లో గనిలోకి దిగడానికి అప్పుడు వీలు కల్పించింది. మైనింగ్ ఇంజినీరింగ్ చదువు కొత్తగూడెంలోనే ఉంది.

సినిమా మొండితనాన్ని మెచ్చుకోదు. మోవానా మొదటిసారి ఏమీ తెలియకుండా గట్టు దాటబోతుంది, పడవ తిరగబడి ప్రాణం మీదికి వస్తుంది. విద్య నేర్చుకున్నాకే గమ్యం చేరుతుంది. పని అయ్యాక ఇంటికి తిరిగి వచ్చి, ఊరంతటినీ పడవలెక్కిస్తుంది. పంపే తల్లిదండ్రులకూ పోయే పిల్లలకూ ఇందులో చెరో మాట ఉంది.

చూసే ముందు

మన దేశంలో డిస్నీ సినిమాలు జియోహాట్‌స్టార్‌లో వస్తాయి. ఏ భాషల్లో ఉందో భాషల జాబితాలో చూసుకుని పెట్టుకోవాలి. ముందు మొదటి భాగమే చూడాలి, రెండోది దాని మూడేళ్ల తర్వాతి కథ. ఫోన్‌లో కంటే టీవీలో చూస్తే మంచిది. ఈ సినిమాలో నీళ్ల పనితనం చిన్న తెర మీద తేలిపోతుంది. ఇషా తర్వాత మొదలుపెడితే పిల్లలకు నిద్ర ఆలస్యమవుతుంది, సెలవు రోజు మధ్యాహ్నం అయితే మేలు. వీలైతే దాదీనో నానీనో పక్కన కూర్చోబెట్టండి. ఊరికి దారి చూపింది నాన్నమ్మే అని తెలిశాక, ఆమె చెప్పే పాత కథలు వినడానికి పిల్లలు ఇంకాస్త దగ్గరగా జరుగుతారు.